పక్క సీటు బ్రేకు

ఆదివారం, బయల్దేరే ముందు

రైల్లో పోతానంటే వినలేదు. "నేనే దింపుతాను" అన్నాడు. మొగుణ్ణి వదిలేసి పోతున్న పెళ్ళాన్ని ఆ మొగుడే కారెక్కించుకుని, దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా తీసుకెళ్ళి దింపి రావడం ఎక్కడైనా చూశామా? ఇదిగో, మా ఇంట్లో చూస్తున్నాం.

డైరీలో "అన్నారు, వచ్చారు" అని రాయదలుచుకోలేదు. ఎదురుగా "మీరు" అంటున్నాను కదా, ఆ మర్యాద చాలు.

కారణం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. దారిలో మెత్తబడిపోతానేమోనని నాకే భయం. ఈయన డ్రైవింగ్ స్కూలు మూసేశాడు. మూసినందుకు కాదు నా కోపం, నాకు చెప్పకుండా మూసినందుకు. పాతికేళ్ళ పైచిలుకు ఆ స్కూల్లో నేను బోర్డు మీద రోడ్డు గుర్తులు గీసి పాఠం చెప్పాను, ఈయన బయట కారు నేర్పాడు. ఒకరోజు పొద్దున్నే తలుపు తీద్దామని వెళ్తే తాళమే మారిపోయి ఉంది. పైన బోర్డు లేదు. ఎదురుగా ఉండే టైలరు "మీకు తెలీదా అమ్మా? మాస్టారు నిన్ననే మొత్తం అమ్మేశారుగా" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎందుకు మూశారండీ అంటే "చాలు" అన్నాడు. ఏడాదిగా అడుగుతున్నాను. ఎప్పుడడిగినా అదే మాట, చాలు. సరే, నాకూ చాలు.

చెల్లికి కర్టెన్లు కుట్టే షాపుంది. ఎప్పటి నుంచో రమ్మని పోరుతోంది. వెళ్ళి దాని దగ్గరే ఉంటాను. పిల్లలు లేనివాళ్ళం, పంచుకోవడానికి పెట్టెలు తప్ప ఏమున్నాయి?

స్కూలు కార్లన్నీ అమ్మి ఈ ఒక్కటి ఉంచుకున్నాడు. నేర్పే కారు. పక్క సీటులో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాడు బెదిరిపోతే మాస్టారు తొక్కడానికి. ఇప్పుడు స్టీరింగ్ దగ్గర ఈయన, మాస్టారి సీట్లో నేను. "వేరే కారు అద్దెకి తీసుకుందాం, ఇది నా కాళ్ళకి అడ్డం" అన్నాను. "ఇదే" అన్నాడు. అంతే ఆయన మాట. రెండో ముక్క రావాలంటే ఎవరో లోపలికి చెయ్యి పెట్టి లాగాలి.

మనసులో ఒకటి అనుకున్నాను. చెల్లి గుమ్మం చేరేలోగా, స్కూలు ఎందుకు మూశాడో ఆయనంతట ఆయన నోరు తెరిచి చెప్తే, పెట్టెలు దించకుండానే వెనక్కి వచ్చేస్తాను. చెప్పకపోతే అక్కడితో సరి. ఈ సంగతి ఆయనకి చెప్పను. చెప్తే ఏదో ఒకటి కల్పించి చెప్తాడు. అడగను కూడా అడగను. అడిగింది చాలు.

ఆ మాట నాకూ అంటుకుంది.

సోమవారం, లాడ్జి

పేరు పలకడం రాని ఊరు. బోర్డుల మీద అక్షరాలు కూడా మనవి కావు.

పొద్దున్నుంచి మలుపు తర్వాత మలుపు తప్పించాడు. ఫోన్‌లో దారి చెప్పే ఆవిడ "ముందు పక్కకి తిరగండి" అంటుంది. ఈయన సూటిగా పోతాడు. "వెనక్కి తిరగండి" అంటుంది. ఈయన పళ్ళు కొరుకుతాడు. మలుపు దాటిపోయిందండీ అంటే "చూశాను" అంటాడు. చూసినవాడు తిరగొచ్చు కదా? ఆ ఫోన్ ఆవిడ ఓపికకి మాత్రం ముచ్చటేసింది. ఎన్నిసార్లు కాదన్నా గొంతు పెంచదు, మళ్ళీ మొదటి నుంచి చెప్తుంది. ఈయన చేసుకోవాల్సింది ఆవిణ్ణి.

ఎవరినైనా అడుగుదామంటే అడగడు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున వీధంతా చుట్లు కొట్టాడే గానీ, ఇల్లెక్కడని ఒక్కళ్ళని అడగలేదు. మేడ మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడే తెలుసుకోవాల్సింది.

ఇంకా బోలెడు వెలుగుండగానే లాడ్జి ముందు ఆపేశాడు. "ఇవాళ్టికి చాలు" అన్నాడు. మళ్ళీ చాలు! ఈ లెక్కన చెల్లి షాపు మూసుకుని ముసలిదయ్యాక చేరతాం.

లాడ్జి గుమాస్తాకి మన భాష రాదు. మా ఇద్దరినీ చూసి, నవ్వి, సరదాగా తిరగడానికి వచ్చారా అన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఈయన తలూపాడు. ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం

ఆయన నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. రోజంతా ఫోన్ ఆవిడ ఒక్కతే మాట్లాడింది.

బుధవారం, కొండ దిగాక

ఇవాళ నేను బ్రేకు తొక్కాను.

సైకిలు మీద ఒక పెద్దాయన నా వైపు నుంచి వస్తున్నాడు. ఈయన ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. నా కాలు దానంతట అది నొక్కేసింది. కారు ఎగిరి ఆగింది. ఇంక చూసుకో నా పని, అనుకున్నాను. ఈయన డ్రైవింగ్‌లో వేలు పెట్టినవాళ్ళు బతికి బట్టకట్టలేదు. ఒకసారి ట్రాఫిక్ పోలీసుకే పాఠం చెప్పి వచ్చాడు.

ఏమన్నాడో తెలుసా? "మంచి పని చేశావు" అన్నాడు.

నేను చేసిన పనిని ఈయన ఇంతకుముందు ఎప్పుడు మెచ్చుకున్నాడా అని కొండ దిగేదాకా ఆలోచించాను. గుర్తు రాలేదు. దింపేసి పోతున్నాడు కదా, పోతూ పోతూ మంచి అనిపించుకుందామని. ఆ తర్వాత కూడా చాలాసార్లు తొక్కాల్సి వచ్చింది. ఒక్కసారీ కసురుకోలేదు. పిక్క నొప్పెడుతోంది. మర్దన చేసుకుంటూ రాస్తున్నాను.

టీ కొట్టు దగ్గర నేను ఆయన పక్కన పెట్టిన గ్లాసు మోచేత్తో పడగొట్టాడు. లేస్తూ లేస్తూ పక్క బల్ల ఆవిడ కాలు తొక్కాడు. క్షమించమని కూడా అనకుండా ఏమీ జరగనట్టు నడిచిపోయాడు. ఆవిడకి నేను దణ్ణం పెట్టి వచ్చాను. ఎంత పొగరు!

పైన రాసింది మళ్ళీ చదివాను. పొగరే. ఇంకేముంటుంది?

గురువారం, మధ్యాహ్నం, రోడ్డు పక్కన

కొద్దిలో తప్పింది.

ఊరి మధ్యలో బజారు. ఉల్లిపాయల తోపుడు బండి నెట్టుకుంటూ ఒకావిడ నా వైపు నుంచి రోడ్డు దాటుతోంది. పరిగెత్తుకుంటూ కాదు. నింపాదిగా, అంత దూరం నుంచి నాకు కనపడుతూనే ఉంది. ఈయన వేగం తగ్గిస్తాడని చూశాను. తగ్గించలేదు. హారన్ కూడా కొట్టలేదు. ఆఖరి క్షణంలో రెండు కాళ్ళూ వేసి తొక్కాను. బండికీ మా కారుకీ మధ్య జానెడు చోటు లేదు. ఉల్లిపాయలు బానెట్ మీద దొర్లాయి. ఆవిడ కారుని చేత్తో చరుస్తూ తిట్టింది. భాష రాకపోయినా ఒక్క తిట్టు కూడా అర్థం కాకుండా పోలేదు.

ఈయన నా వైపు తిరిగి అడిగాడు, "ఎక్కడి నుంచి వచ్చింది?"

"ఎక్కడి నుంచి రావడమేంటండీ? అంత దూరం నుంచి వస్తూనే ఉంది కదా!"

"అలాగా" అన్నాడు.

ఆ గొంతు నాకు నచ్చలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు వినలేదు.

ఊరు దాటాక ఆపించాను. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. నేను బిస్కెట్ ఒకటి తీసి ఆయన చెవి పక్కగా పట్టుకున్నాను. కదల్లేదు. అటూ ఇటూ ఊపాను. ఉలుకూ పలుకూ లేదు. నెమ్మదిగా ముందుకు తెచ్చాను. దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడి, "ఏంటిది?" అన్నాడు.

"బిస్కెట్" అన్నాను.

తీసుకుని తిన్నాడు.

మలుపులు. టీ గ్లాసు. పక్క బల్ల ఆవిడ కాలు. వెలుగుండగానే లాడ్జి.

అదీ సంగతి. పొగరు కాదు.

గురువారం, సాయంత్రం, పక్కనే దొరికిన లాడ్జి

బ్రేకు మీద నుంచి కాలు తియ్యకుండా నడక వేగంతో ఇక్కడిదాకా తెప్పించి, తాళం చెవులు నా దగ్గర పెట్టుకున్నాను.

"మీకు పక్కలు కనపడటం లేదు కదూ?" అని సూటిగానే అడిగాను.

"ఎండ" అన్నాడు.

"ఎండ నాకూ ఉందిగా. నాకు ఆ బండి కనపడింది."

"నిద్ర చాల్లేదు."

"నిన్న మీరు పెట్టిన గురకకి పక్క గదివాళ్ళు లేచి కూర్చున్నారు."

"కాస్త మసక. అంతే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా ప్రాణం సరే, దాన్నెప్పుడో మీ చేతిలో పెట్టాను. ఉల్లిపాయల ఆవిడ మీకేం అన్యాయం చేసింది? కనపడకుండా రోడ్డు మీదకి ఎలా వచ్చారు? మీ దగ్గర నేర్చుకునేవాడు ఈ పని చేస్తే చెవి పట్టుకుని దింపేవారు కాదా?"

తల వంచుకుని, "పక్కన నువ్వున్నావుగా" అన్నాడు.

అందుకా ఈ కారు. అందుకా "ఇదే" అన్నది. ఇన్ని రోజులూ నా కాలితో కారు నడిపాడన్న మాట. అది కూడా నాకు చెప్పకుండా! అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇక మీరు స్టీరింగ్ ముట్టుకుంటే ఒప్పుకోను" అన్నాను.

"మరి కారెవరు నడుపుతారు?"

ఊరంతటికీ డ్రైవింగ్ నేర్పిన దంపతులం. ముక్కూ మొహం తెలియని చోట, కారు పక్కన పెట్టుకుని, నడపడానికి మనిషి లేక కూర్చున్నాం. ఎవరికైనా చెప్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు.

నాకు లైసెన్సుంది. పాఠం చెప్పేవాళ్ళకి ఉండాలంటే కొత్తలో తీసుకున్నాను. పరీక్ష పాసైన మర్నాడే స్కూలు గోడకి గుద్దాను. ఈయన అందరి ముందూ కేకలేశాడు. నేను కారు అక్కడే వదిలేసి బస్సెక్కి ఇంటికెళ్ళిపోయాను. మళ్ళీ నేర్చుకో అని ఆయన అనలేదు, నేర్పండి అని నేను అనలేదు. లైసెన్సు మాత్రం గడువు అయినప్పుడల్లా కొత్తది తెచ్చి బీరువాలో పెట్టేవాడు. ఇప్పుడది నా పెట్టెలో ఉంది.

"రేపు నువ్వు నడుపు, నీకూ కాస్త సరదాగా ఉంటుంది" అన్నాడు.

సరదాట!

స్కూలు ఎందుకు మూశాడో నాకు ఇప్పుడు తెలుసు. కానీ నేను పట్టుకోవడం వేరు, ఆయన చెప్పడం వేరు. "అందుకేనా మూసింది?" అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. నేనే అడిగి నేనే జవాబు చెప్పుకుంటే ఇంక ఆయనెందుకు?

శుక్రవారం

ఈ రోజు గురించి తలుచుకుంటేనే తల ప్రాణం తోకకొస్తోంది.

పొద్దున లాడ్జి ఆవరణ దాటడానికే కారు లెక్కలేనన్ని సార్లు ఆగిపోయింది. గుమాస్తా పని మానుకుని చూశాడు. ఇతరులకి నేర్పేటప్పుడు ఈయన గొంతులో తేనె పోసుకునేవాడు. "నెమ్మదిగా అమ్మా, కంగారేం లేదమ్మా" అనేవాడు. నాకు? "క్లచ్. క్లచ్! క్లచ్ అంటుంటే!" నేనూ ఊరుకోలేదు. "నేను డబ్బిచ్చి చేరితే ఇలాగే అరుస్తారా?" అన్నాను. ఆ తర్వాత కాసేపు బుద్ధిగా "అమ్మా" అని పిలిచాడు. అది ఇంకా చికాకుగా ఉంది, మానేయమన్నాను.

ఊరు దాటాక రోడ్డు చదునుగా, ఖాళీగా ఉంది. రెండు వైపులా పొలాలు. నాలుగో గేరు పడింది. కిటికీలోంచి గాలి. ఫోన్ ఆవిడ చెప్పిన ప్రతి మలుపూ తిరిగాను. కాసేపు నాకు ఎవరి మీదా కోపం లేదు. ఎక్కువసేపు కాదు.

ఇరుకు వంతెన వచ్చింది. ఎదురుగా లారీ. నాకు నా వైపు లారీ కనపడుతోంది గానీ ఆయన వైపు ఎంతుందో తెలియడం లేదు.

"మీ వైపు చోటుందా?" అన్నాను.

"ఉంది. పోనియ్."

పోనిచ్చాను. ముందు చక్రం దగ్గర మొదలై వెనక తలుపు దాకా, వంతెన గోడ కారుని గీసుకుంటూ వచ్చింది. ఆ చప్పుడు ఇంకా పళ్ళలో ఉంది.

"కాస్త తగిలింది" అన్నాడు.

లారీ వాడు అరుస్తున్నాడు. వెనక హారన్లు. నేను వంతెన మీదే ఆపేసి, "కనపడనప్పుడు ఉందని ఎందుకు చెప్పారు? ఎందుకు చెప్పారండీ?" అని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. కనపడటం లేదు అంటే ఏం పోయింది? ఆ మాటంటే నాలుక ఊడి పడుతుందా? ఏడ్చి, ముక్కు తుడుచుకుని, వంతెన నేనే దాటించాను. ఆయన కాలు తన వైపు బ్రేకు మీద ఉంది కానీ ఒక్కసారీ నొక్కలేదు. ఎప్పుడు నొక్కాలో ఆయనకి తెలియడం లేదని నాకు అప్పుడర్థమైంది.

శనివారం

వాన. నేనే నడిపాను. రేపు చేరతాం. ఇంకా చెప్పలేదు.

నన్ను దింపాక ఎలా వెళ్తారని అడిగాను. "రైల్లో. కారు నీకే" అన్నాడు. ముందే అనుకుని వచ్చినట్టున్నాడు. ఆ స్టేషన్లో ప్లాట్‌ఫారం అంచు ఎక్కడుందో ఈయనకెవరు చెప్తారు? అడగడు కదా. అడిగే మనిషి కాదు కదా.

చెల్లి దగ్గరికి పోకుండా ఆగిపోనా? ఆగితే జాలితో ఆగినట్టే. రెండో రోజుకే పసిగడతాడు. నేను గ్లాసు చేతికందించినప్పుడల్లా మొహం ముడుచుకుంటాడు. జాలి కాపురం ఆయనకి అక్కర్లేదు, నాకు అసలే అక్కర్లేదు.

చెప్పి చావొచ్చు కదా!

ఆదివారం, చెల్లి వాళ్ళ ఇల్లు

చెల్లి ఉండే సందు కార్ల కోసం వేసింది కాదు. ఒక పక్క పొడుగునా గోడ, రెండో పక్క వరసగా స్కూటర్లు. ఆ చివర గేటు దగ్గర అది చెయ్యి ఊపుతోంది. మేడల మీద జనం కూడా చూస్తున్నారు, ఎవరో గీతలు పడ్డ డ్రైవింగ్ స్కూలు కారులో వస్తున్నారని.

"మీ వైపు చోటుందా?" అని అలవాటుగా అడిగేసి, నాలుక కరుచుకున్నాను. ఉంది, పోనియ్ అంటాడు. కాలు బ్రేకు మీదే ఉంచాను.

ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. "నాకు కనపడటం లేదు. దిగి చూసి చెప్తాను" అన్నాడు.

దిగాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి కారు ముందు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగి, రమ్మని చెయ్యి ఊపుతాడు. నేను నాలుగడుగులు పోనిస్తాను. అంతమంది చూస్తుండగా.

చెల్లి పరిగెత్తుకొచ్చింది. "ఏంటి బావగారూ, గోడ పట్టుకుని నడుస్తున్నారు? ఒంట్లో బాలేదా?"

కిటికీ తెరిచే ఉంది. ప్రతి మాటా వినపడుతోంది.

"కళ్ళమ్మా" అన్నాడు. "ఎదురుగా ఉన్నది తప్ప పక్కలు కనపడవు. అదీ రోజు రోజుకీ సన్నబడుతోంది. ఒక పిల్లకి నేర్పుతుంటే పక్క నుంచి లారీ వచ్చింది. నేను చూడలేదు. ఆ పిల్లే బ్రేకు వేసింది. మర్నాడే స్కూలు మూసేశాను."

"అయ్యో! మరి అక్కకి చెప్పలేదా?"

"ముందు సిగ్గేసింది. నేర్పేవాణ్ణి కదా. చెబుదాం చెబుదాం అనుకునే లోపల మీ అక్క వెళ్ళిపోతానంది. అప్పుడు చెప్తే, ఆపడానికి చెప్పినట్టుంటుంది."

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోటి వెంట ఎప్పుడూ వినలేదు. ఏడాదిగా బతిమాలింది నేను, తిట్టింది నేను, ఇంత దూరం కాళ్ళు పడిపోయేలా బ్రేకు తొక్కింది నేను. ఆ మనిషి చెప్పింది మాత్రం మా చెల్లికి! నడివీధిలో! కిటికీలోంచి తల బయటపెట్టి, "నాకిక్కడ వినపడుతోంది!" అని అరిచాను.

"వినపడాలనే" అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

ఇది లెక్కలోకి వస్తుందా రాదా అని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. స్కూలు సంగతి ఎవరూ అడగలేదు. ఆయనంతట ఆయనే నోరు తెరిచాడు. గుమ్మం ఇంకా నాలుగిళ్ళ అవతల ఉంది. ఎంత కోపంగా ఉన్నా న్యాయం న్యాయమే.

ఆయన మళ్ళీ చెయ్యి ఊపాడు. పోనిచ్చాను. గేటు దగ్గర ఆపగానే చెల్లి డిక్కీ వైపు వెళ్ళింది. "పెట్టెలు దించనా అక్కా?"

"వద్దు. ముందు మీ బావగారికి ఆ మెట్లు ఎక్కడున్నాయో చెప్పు" అన్నాను. "తర్వాత టీ పెట్టు. రేపు పొద్దున మేం తిరిగి వెళ్ళాలి."